మా వీధి సంఘంలో ఓటు పెట్టాలంటే ఎలా? సలహా ఇవ్వండి

మాది గుంటూరు, కొరిటెపాడు వైపు. వీధిలో 40 ఇళ్లకు ఒక సంక్షేమ సంఘం ఉంది. 7 ఏళ్లుగా అదే అధ్యక్షుడు, అదే కోశాధికారి. ఏటా ఉగాదికి ముందు కూర్చుంటాం, "అందరికీ సమ్మతమేగా" అంటారు, టీ తాగి లేస్తాం. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. మురుగు కాలువ బాగు చేయించడానికి ఎండలో తిరిగింది వాళ్లే. కానీ ఆడవాళ్లు, అద్దెకుండేవాళ్లు ఇంతవరకు నోరు విప్పలేదు. జమాఖర్చులు ఎవరూ అడగరు.

2010 నుంచి 2021 దాకా మన నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. అన్నేళ్లు అర్జీలు పెట్టుకోవడమే తప్ప ప్రశ్నించడం మరిచిపోయామేమో అనిపిస్తుంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది. మన వీధిలోనే మాట్లాడటం రాకపోతే అక్కడికెళ్లి ఏం మాట్లాడతాం?

ఈసారి చీటీలతో రహస్య ఓటు పెడదామంటే "గొడవలొస్తాయమ్మా, వద్దు" అంటున్నారు. మీ దగ్గర ఇలా చేసినవాళ్లున్నారా? ఇంటికో ఓటా, మనిషికో ఓటా? అద్దెకున్నవాళ్లకు ఇచ్చారా? ఎన్నిక ఎవరితో జరిపించారు? పాతవాళ్ల మనసు నొచ్చుకోకుండా ఈ మాట ఎలా కదిపారో కూడా చెప్పండి.