తాడిపత్రి బండల ఫ్యాక్టరీకి సెన్సార్లు, డ్యాష్‌బోర్డు పెట్టించాలా? తెలిసినోళ్ళు చెప్పండి

తాడిపత్రి నుంచి (అడిగింది):
అన్నలందరికీ నమస్కారం. మా నాయన చానా ఏళ్ళుగా బండల ఫ్యాక్టరీ నడుపుతాండాడు, గ్రానైట్ కటింగ్ మిషన్లు రెండు, లైన్ పాలిషర్ ఒకటి, ఎడ్జ్ కటింగ్ ఒకటి, బ్లాకులు ఎత్తేదానికి క్రేను ఒకటే. నేను బీటెక్ మెకానికల్ చేసి పోయినేడాది నుంచి నాయనతోపాటు చూసుకుంటాండా. మొన్న ఒక కంపెనీవాళ్ళు వచ్చి ఇండస్ట్రీ 4.0 (మిషన్లకి సెన్సార్లు పెట్టి నెట్టుకి కలిపేది) అని చెప్పి ప్రతి మోటారుకీ వైబ్రేషన్ సెన్సరు, టెంపరేచర్ సెన్సరు, షెడ్డులో పెద్ద టీవీ, ఫోన్లో డ్యాష్‌బోర్డు, బేరింగు పోయేది ముందే చెప్పే ఏఐ, అంతా కలిపి 6.5 లక్షలు, మళ్ళీ ఏటా 80 వేలు కట్టాలన్నారు. నాయన ఒకటే అంటాడు, ఆ దుడ్లకి బ్లేడ్లు వస్తాయి కదరా అని. నాకేమో చేయాలని ఉంది, ఎందుకంటే రాత్రి షిఫ్టులో పగటికంటే కోసే చదరపు అడుగులు తక్కువ పడతాండాయి, కారణం ఎవరూ సరిగ్గా చెప్పరు, పోయినేడు రెండుసార్లు స్పిండిల్ బేరింగు పోయి మిషను నిల్చిపోయింది, కరెంటు బిల్లు చూస్తే కడుపు మండుతాంది. ఇది పెట్టిస్తే ఇవన్నీ తేలతాయా? యాడ నుంచి మొదలుపెట్టాల?

ఎర్రగుంట్ల నుంచి (సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని):
తమ్ముడూ, కొటేషన్ కొన్నాళ్ళు పక్కన పెట్టు. నువ్వు చెప్పిన మూడిట్లో రెండిటికి జవాబు మీ ప్యానెల్లోనే ఉంది. ప్యానెల్ డోరు మీద కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది) చూపించే డిజిటల్ మీటరు ఉంటాది చూడు, దాని వెనకాల ఏ, బీ అని రెండు టెర్మినళ్ళు ఉన్నాయంటే అది రీడింగులు బయటికి పంపే ఆర్ఎస్-485 పోర్టు, చానా ఫ్యాక్టరీల్లో అది ఎవరూ ముట్టుకోకుండా దుమ్ము పట్టి ఉంటాది. దాంట్లో మాట్లాడే భాష మోడ్‌బస్, 1979లో వచ్చింది, ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో అదే నడుస్తాంది, కాబట్టి పాత మీటరని భయపడొద్దు. ఆ రీడింగులు నెట్టుకి పంపే ఒక చిన్న గేట్‌వే డబ్బా, దాంట్లో 4జీ సిమ్ము, రెండు వైర్లు, అంతే, పది సెకన్లకొకసారి రీడింగు వస్తాది. సిగ్నల్ పోయినప్పుడు రీడింగులు దాచిపెట్టుకుని మళ్ళీ పంపే గేట్‌వేనే తీసుకో, రేకుల షెడ్డులో, ఆ నీళ్ళలో స్లర్రీలో వైఫై నమ్ముకోవద్దు.

మొదట ఒక్క కటింగ్ మిషన్ మెయిన్ మోటారుకే మీటరు పెట్టు. 75 హెచ్‌పీ మోటారు అనుకో, ఫుల్ లోడులో సుమారు 100 ఆంప్స్ లాగుతాది, ఖాళీగా తిరిగేటప్పుడు 30, 40 దగ్గర ఉంటాది, పూర్తిగా ఆగితే సున్నా. అంటే ఆ ఒక్క ఆంప్స్ గీత చూస్తే చాలు మిషను కోస్తాందా, వట్టిగా తిరుగుతాందా, నిలబడిందా అని తెలిసిపోతాది, దీనికి ఏఐ అక్కర్లేదు. వట్టిగా తిరిగే మోటారుకి పవర్ ఫ్యాక్టర్ కూడా చానా అధ్వాన్నంగా ఉంటాది, హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే బిల్లు కేవీఏ లెక్కన, అంటే పనికొచ్చిన కిలోవాట్లే కాకుండా లాగిన మొత్తం లెక్కన కాబట్టి ఆ నష్టం నేరుగా మీ జేబు మీద పడతాది. 75 కిలోవాట్ల లోడు 0.75 పవర్ ఫ్యాక్టర్ మీద 100 కేవీఏ అవుతాది, అదే 0.95 మీద 79. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ బ్యాంకులో ఎన్ని సెల్లులు బతికున్నాయో రేపే మీ ఎలక్ట్రీషియన్‌తో చూపించు.

ఇంకోటి, ఇది ప్రాణాలకు సంబంధించింది. మోటారు కేబుల్‌కి 5 ఆంప్స్ సీటీ (కరెంటు కొలిచేదానికి కేబుల్ చుట్టూ వేసే రింగు) వేస్తే, లోడు నడుస్తాండగా దాని సెకండరీ వైర్లు ఊడదీయొద్దు, అట్ల ఓపెన్‌గా వదిలితే ఆ కొసల్లో వేల ఓల్టులు పుడతాయి. మెయిన్ ఆఫ్ చేసి, లైసెన్సున్న మనిషితోనే చేయించు, నువ్వు చదువుకున్నావు కదా అని చెయ్యి పెట్టొద్దు.

ఆదోని నుంచి (జిన్నింగ్ మిల్లు):
నాది పత్తి మిల్లు, అయినా చెప్తా. మేము ఇట్లాంటి డ్యాష్‌బోర్డే పెట్టించినాం, రెండేళ్ళు బాగానే నడిచింది, మూడో ఏడు డబ్బులు కట్టేది ఆలస్యమైతే లాగిన్ ఆపేసినారు, రెండు సీజన్ల రీడింగులు వాళ్ళ సర్వర్లోనే ఉండిపోయినాయి, అడిగితే ఇచ్చేదానికి వేరే ఛార్జీ అన్నారు. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. అందుకే సంతకం పెట్టకముందే అడగండి, నా డేటా నేను ఎక్సెల్ ఫైలుగా ఎప్పుడంటే అప్పుడు దించుకోవచ్చా, గేట్‌వే నుంచి ఎంక్యూటీటీలో నా సొంత కంప్యూటర్‌కి కూడా పంపుతాదా అని. ఎంక్యూటీటీ అంటే 1999లో ఆయిల్ పైపులైన్ల రీడింగులు శాటిలైట్ మీద తక్కువ ఖర్చుతో పంపేదానికి తయారుచేసిన పద్ధతి, చిన్న చిన్న మెసేజీలు, పల్లెల్లోని నెట్టుకి కూడా సరిపోతాది. కుదరదు అంటే ఆ కంపెనీ వద్దు, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

తాడిపత్రి నుంచి:
చానా థ్యాంక్సన్నా ఇద్దరికీ. మరి బేరింగు సంగతి? వాళ్ళ ఏఐ నిజంగా ముందే చెప్తాదా?

ఎర్రగుంట్ల నుంచి:
మీకు ఏడాదికి రెండు బేరింగులు పోయినాయి అన్నావు. రెండు ఉదాహరణలు చూసి ఏ మిషనూ ఏమీ నేర్చుకోదు తమ్ముడూ, మా సిమెంటు ఫ్యాక్టరీలో అయితే వందల మోటార్లు, ఏళ్ళ రికార్డు ఉంటాది కాబట్టి అక్కడి కత వేరు. మీకు చేతిలో పట్టుకునే వైబ్రేషన్ పెన్ను చాలు. బేరింగ్ హౌసింగు మీద పెయింటుతో చుక్క పెట్టు, ప్రతి సోమవారం అదే చుక్క మీద, అదే లోడులో పెట్టి చదువు, పుస్తకంలో రాయి. మిషన్ల వైబ్రేషన్‌కి హద్దులు చెప్పే పాత ఐఎస్ఓ 10816 (ఇప్పుడు దాని చోట ఐఎస్ఓ 20816 వచ్చింది) లెక్కన 15 నుంచి 75 కిలోవాట్ల మోటార్లకి సెకనుకి 2.8 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ రోజులు అట్లే నడపకుండా సంగతి చూసుకోవాల, 7.1 దాటిందంటే ఆపేయాల. అంకె కంటే కూడా అది వారం వారం ఎట్ల ఎక్కుతాందో అది ముఖ్యం, 1.5 ఉన్నది నాలుగు వారాల్లో 2.6 అయితే ఇంకా లైన్లోపలే ఉంది కదా అని కూర్చోవద్దు. మీ పాత ఆపరేటరు శబ్దం విని ఏదో తేడాగా ఉందప్పా అన్న రోజు కూడా అదే పుస్తకంలో రాయండి, ఆ మాట చానాసార్లు పెన్నుకంటే ముందే నిజమవుతాది. తర్వాత ఎప్పుడైనా నిజంగా సెన్సార్లు పెడితే ఆ పుస్తకమే వాటికి పాఠం.

పెనుకొండ నుంచి (కార్ల కంపెనీకి పార్టులు చేసే యూనిట్):
మా దగ్గర ఓఈఈ అని, మిషను చేయగలిగిన పనిలో నిజంగా ఎంత చేసిందో లెక్క వేస్తారు, మీకు కూడా పనికొస్తాది. 10 గంటల షిఫ్టులో 7 గంటలు కోసింది, అంటే 70 శాతం. రావాల్సిన వేగంలో 80 శాతం వచ్చింది. కోసిన స్లాబుల్లో 90 శాతం పగుళ్ళు లేకుండా వచ్చినాయి. మూడూ గుణిస్తే 50 శాతం. అంటే సగం ఫ్యాక్టరీ నడవనట్లే. కాకపోతే అంకె తెలిసినంత మాత్రాన కారణం తెలీదు, అందుకని మిషన్ పక్కన ఐదు బటన్ల డబ్బా పెట్టి తెలుగులో రాయండి, బ్లాకు రాలేదు, బ్లేడు, నీళ్ళు, కరెంటు, రిపేరు అని. మిషన్ ఆగినప్పుడు ఆపరేటరు ఒకటి నొక్కుతాడు. అయితే ఒక్క మాట, దీన్ని పట్టుకుని ఎవరి కూలీ అయినా కోసినారంటే ఆ మరుసటి రోజు నుంచి అందరూ కరెంటు బటనే నొక్కుతారు. పెట్టే ముందు కూర్చోబెట్టి చెప్పండి, ఇది మిషన్ కోసం, మీ మీద నిఘా కాదు అని, చెప్పినట్లే నడుచుకోండి కూడా.

కడప నుంచి:
జెడ్ (జీరో డిఫెక్ట్ జీరో ఎఫెక్ట్, అంటే సరుకులో లోపం లేకుండా, పర్యావరణానికి చెరుపు లేకుండా) సర్టిఫికేషన్ చూడు తమ్ముడూ, కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖది, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్లు, ఫీజులో సూక్ష్మ యూనిట్లకి 80, చిన్నవాటికి 60, మధ్యస్థవాటికి 50 శాతం సబ్సిడీ. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉండాల. అట్లే బెంగళూరు మీకు దగ్గరే కదా, అక్కడ సీఎంటీఐ (మిషన్ల తయారీ మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ)లో, ఐఐఎస్‌సీలో కేంద్రం సమర్థ్ ఉద్యోగ్ పథకం కింద ఇండస్ట్రీ 4.0 సెంటర్లు ఉన్నాయి, నాయన్ను కూడా తీసుకుపోయి నడిచే మిషన్ మీద చూపించు, కాగితం మీద చూపిస్తే పెద్దోళ్ళు నమ్మరు.

తాడిపత్రి నుంచి (ఐదు వారాల తర్వాత):
అన్నలూ, చెప్పినట్లే చేసినా. ప్యానెల్ మీటరుకి పోర్టు ఉండింది, ఒక మిషన్‌కి గేట్‌వే పెట్టించినా, అన్నీ కలిపి 30 వేల లోపలే అయింది. కెపాసిటర్లు రెండు చచ్చిపోయి ఉండినాయి, మార్చినాక పవర్ ఫ్యాక్టర్ 0.78 నుంచి 0.96కి వచ్చింది. ఇంక రాత్రి షిఫ్టు సంగతి, నేను ఆపరేటరు నిద్రపోతాడేమో అనుకుంటాంటి, అది తప్పు, ఆయన్ను అనుమానించినందుకు నాకే బాధయింది. ఆంప్స్ గీతలో ప్రతి బ్లాకు అయిపోయినాక 35, 40 నిమిషాలు మిషను వట్టిగా తిరుగుతాండాది, బటన్ చూస్తే బ్లాకు రాలేదు అని ఉంది. పోయి చూస్తే రాత్రిపూట లారీ లోడింగు కూడా ఆ ఒక్క క్రేనుతోనే. ఇప్పుడు లారీలు సాయంత్రం ఏడు లోపల లోడు చేసి పంపుతాండాము, రాత్రికి రెండో బ్లాకు ముందే ట్రాలీ మీద పెట్టుకుంటాండారు, అడుగులు పెరిగినాయి గానీ ఇంకా పగటి లెక్కకి రాలేదు. 6.5 లక్షల కొటేషన్ వద్దని చెప్పేసినా.

నాయన ఇప్పుడు క్రేనుకి కూడా మీటరు పెట్టమన్నాడు, పెడితే రీడింగు ఒకసారి వస్తాది, ఒకసారి రాదు, క్రేను ఎత్తేటప్పుడే పోతాంది. ఎందుకన్నా?

ఎర్రగుంట్ల నుంచి:
క్రేనుకి వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవు) ఉంది కదా? అది పుట్టించే ఎలక్ట్రికల్ నాయిస్ రీడింగుని చెడగొడతాది. దాని పవర్ కేబులూ, నీ 485 వైరూ ఒకే పైపులో పోతాండాయేమో చూడు. వేరే పైపులో, కనీసం ఒక అడుగు దూరంగా లాగు. మామూలు వైరు కాదు, మెలేసిన జత, పైన షీల్డు ఉన్నది, ఆ షీల్డు ఒక కొసలోనే ఎర్త్ చేయాల. లైనుకు రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు వెయ్యి. ఆర్ఎస్-485 తక్కువ స్పీడులో 1200 మీటర్ల దాకా పోతాది కాబట్టి మీ షెడ్డుకి దూరం సమస్య కాదు, స్పీడు 9600లోనే ఉంచు.

తాడిపత్రి నుంచి:
ఒకే పైపులో ఉన్నాయన్నా. ఆదివారం మిషన్లు ఆపినప్పుడు విడదీయించి మళ్ళీ చెప్తా.