"ఆయాసం వస్తుందా?" అని అడిగితే సరిపోతుందా?

అనువాదకురాలు: ఎస్‌ఎంఏ, అంటే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ (కండరాలు నీరసించిపోయే జన్యు జబ్బు) ఉన్న పెద్దవాళ్ల కోసం ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. ఊపిరి గురించిన మొదటి ప్రశ్న "మీకు ఆయాసం వస్తుందా?" అని రాశాను. చూసిన డాక్టరుగారు "మాట సరైనదే, కానీ సగం మంది లేదనే చెప్తారు" అన్నారు. "శ్వాసలోపం" అందామంటే ప్రెస్‌నోట్‌లా ఉంది. ఏం పెట్టమంటారు?

మేష్టారు: ఆయాసం సంస్కృతం నుంచి వచ్చింది. అసలు అర్థం శ్రమ. "అనాయాసంగా" అంటే శ్రమ లేకుండా అనే కదా. తెలుగులో అది శ్రమపడ్డాక వచ్చే రొప్పు దగ్గర స్థిరపడింది. మెట్లెక్కితే ఆయాసం, పరుగెత్తితే ఆయాసం. గసపోసుకోవడం కూడా అంతే. ఒంటికి శ్రమ లేనిచోట ఈ మాటలు నోటికి రావు.

టైప్ 2 సభ్యుడు: అక్కడే ఉందండీ కిటుకు. నాది ఎస్‌ఎంఏలో టైప్ 2, అంటే కూర్చోగలం, సొంతంగా నడవలేం. చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీలోనే. మెట్లెక్కేదెప్పుడు, ఆయాసం వచ్చేదెప్పుడు? నాకు పొద్దున లేవగానే తలనొప్పి. మధ్యాహ్నం కంప్యూటర్ ముందే కునుకు. రాత్రి పీడకలలు. ఇంట్లో అందరూ ఆఫీసు టెన్షన్ అన్నారు. నిద్ర పరీక్ష చేస్తే రాత్రిపూట ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందని తేలింది. బైపాప్ (మాస్కు ద్వారా గాలి నెట్టి ఊపిరికి సాయం చేసే మిషన్) పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాక ఆ తలనొప్పి పోయింది. ఎవరైనా "ఆయాసమా?" అని అడిగితే ఈ రోజుకీ లేదనే చెప్తాను!

ఫిజియోథెరపిస్టు: ఇంకో మాట. దయచేసి "ఊపిరితిత్తుల జబ్బు" అని మాత్రం రాయకండి. ఎస్‌ఎంఏలో దెబ్బతినేది వెన్నుపాములో కండరాలను నడిపించే నాడీకణాలు. కారణం ఎస్‌ఎంఎన్1 జన్యువులో లోపం. పక్కటెముకల మధ్య కండరాలు ముందు నీరసిస్తాయి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ (పాఠాల్లో ఉదరవితానం అని చదువుకున్నాం, బయట ఎవరూ అనరు) కాస్త నిలదొక్కుకుంటుంది. వెన్ను వంకరపోతే ఛాతీకి విచ్చుకునే చోటు ఇంకా తగ్గుతుంది. నిద్రలో కండరాలు మరింత సడలుతాయి కాబట్టి తేడా ముందు రాత్రిపూటే బయటపడుతుంది. అందరికీ ఒకేలా ఉండదు. నడవగలిగే టైప్ 3 వాళ్లలో చాలామందికి ఊపిరి పరీక్షలు ఏళ్ల తరబడి బాగానే ఉంటాయి.

మేష్టారు: అయితే మన మాటే మీకు సాయం చేస్తుంది. తిత్తి అంటే తోలుసంచి, కొలిమి దగ్గర గాలి ఊదేది. మీరు చెప్పినదాన్ని బట్టి తిత్తికి చిల్లేమీ లేదు, దాన్ని ఆడించే చెయ్యి సన్నగిల్లింది. "శ్వాస కండరాల బలహీనత" అని రాసేయండి, తికమక ఉండదు.

అనువాదకురాలు: బాగుంది. మరి "ఊపిరి ఆడటం లేదు" అన్న మాట ఎక్కడైనా ఉంచాలా?

ఫిజియోథెరపిస్టు: ఉంచండి, పక్కనే హెచ్చరిక పెట్టండి. ఆ మాట వినగానే మనవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగెడతారు, కోవిడ్ నేర్పిన అలవాటు. ఇక్కడ గాలి ఆడించే బలమే తక్కువ. ఉత్త ఆక్సిజన్ పెట్టి ఊరుకుంటే వేలి క్లిప్పులో ఆక్సిజన్ అంకె బాగానే కనబడుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతూనే ఉంటుంది. ఆక్సిజన్ అవసరం పడితే ఊపిరికి సాయం చేసే మిషన్‌తో కలిపి, డాక్టర్ల పర్యవేక్షణలో ఇవ్వాలి.

టైప్ 2 సభ్యుడు: దగ్గు సంగతి వదిలేశారు. నాకు అసలు భయం జలుబంటేనే. "దగ్గు వస్తోందా?" అని అడక్కండి, "దగ్గితే కఫం తెగుతోందా?" అని అడగండి. మా అమ్మమ్మ తెమడ అంటుంది, ఏదైనా అర్థమవుతుంది.

ఫిజియోథెరపిస్టు: అవును, "తెగడం" సరిగ్గా సరిపోయింది. దగ్గు జోరును మేం మీటరుతో కొలుస్తాం. పెద్దవాళ్లలో నిమిషానికి 270 లీటర్ల కంటే తగ్గితే దగ్గుకు సాయం చేసే పద్ధతులు నేర్పుతాం. 160 కంటే తగ్గితే సొంతంగా కఫం బయటికి రావడం కష్టమే. అప్పుడు గాలి నింపి వెంటనే బయటికి లాగే కాఫ్ అసిస్ట్ మిషన్ పనికొస్తుంది.

అనువాదకురాలు: ఇలా మార్చాను, చూడండి. "పొద్దున లేవగానే తలనొప్పిగా ఉంటుందా? పగలు ఊరికే కునుకు పడుతుందా? వెల్లకిలా పడుకుంటే ఇబ్బందిగా ఉంటుందా? దగ్గితే కఫం తెగుతోందా? ఒక్క శ్వాసలో ఎంతవరకు లెక్కపెట్టగలరు?"

మేష్టారు: చివరిది "గుక్క తిప్పుకోకుండా ఎంతవరకు లెక్కపెట్టగలరు?" అంటే చాలు.

టైప్ 2 సభ్యుడు: దానికి వెల్లకిలా పడుకుని ఒకసారి, కూర్చుని ఒకసారి అని కూడా చేర్చండి. నాకైతే రెండింటికీ చాలా తేడా వస్తుంది.