జులై 6న బాలమురళి జయంతి: మీ ఊళ్లో ఎలా జరిపారు?

సరిగమల వీధి:
మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930 జులై 6న ఇప్పటి కోనసీమ జిల్లాలోని శంకరగుప్తంలో పుట్టారు. ఈసారి మా కాలనీ సంఘం ఆయన జయంతి చేయాలని తీర్మానించింది. పటానికి దండ, జ్యోతి వెలిగించడం, వరుసగా ప్రసంగాలు, చివర్లో హడావిడిగా రెండు కీర్తనలు... ఆ పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. కొత్త దారి తొక్కిన విద్వాంసుల పుట్టినరోజులు జరిపినవారు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.

తంబురా తీగ:
మేము ప్రసంగాలు మొత్తం తీసేశాం. ఆయన సృష్టించిన మహతి రాగం చుట్టూనే సాయంత్రమంతా నడిపాం. మొదట ఒక అమ్మాయి శ్రుతి పెట్టుకుని స, గ, ప, ని అని నాలుగు స్వరాలు నిదానంగా పాడి ఆపేసింది. రిషభం (రి) లేదు, మధ్యమం (మ) లేదు, ధైవతం (ద) లేదు. ఇంత తక్కువ సరుకుతో రాగమేమిటని ముందు వరుసలో పెద్దవాళ్లు ముఖాలు చూసుకున్నారు. అప్పుడు ‘మహనీయ మధురమూర్తే’ ఎత్తుకుంది. గాంధారం (గ) నుంచి పంచమానికి (ప), అక్కడి నుంచి నిషాదానికి (ని) గొంతు దూకుతుంటే, సంగీతం రానివారు కూడా కదలకుండా విన్నారు. ఇలాంటి కొత్త రాగాల మీద వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్ గారు అప్పట్లో గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ సంగతి కూడా సభలో చెప్పాం. పొగడ్తలు మాత్రమే వినిపిస్తే ఆయన ఎంత తెగువ చూపారో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

పాలకొల్లు వాణి:
మాది మాండలిన్ శ్రీనివాస్ గారి ఊరు. ఆయన పుట్టింది 1969 ఫిబ్రవరి 28న. ఆ రోజు పిల్లల చేతికి వాద్యమే ఇస్తాం. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు ఉంటాయి. జత తీగను పక్కకు లాగి గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) పలికించమంటే వేళ్లు నొప్పి పుడతాయి తప్ప నాదం సాగదు. తరువాత ఎలక్ట్రిక్ మాండలిన్ ఇస్తాం. దానికి ఒంటి తీగలు, అవీ ఐదు. అదే గమకం ఇక్కడ సాగుతుంది, నాదం నిలుస్తుంది. పాశ్చాత్య వాద్యం మీద కర్ణాటక సంగీతం పలికించడానికి ఆయన ఏమి మార్చారో పిల్లల వేళ్లకే తెలిసిపోతుంది.

పాత పాఠం:
నేను సంగీతం చెబుతాను. తంబురా తీగ గారూ, మీ కార్యక్రమం బాగుంది కానీ ఒక్క మాట. మహతితోనే మొదలుపెట్టకండి. బాలమురళి గారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు. అది త్యాగరాజ స్వామి శిష్య పరంపర. ఎనిమిదేళ్లకే విజయవాడలో కచేరీ చేసిన బాలుడు, ఇరవై ఏళ్లు నిండకముందే 72 మేళకర్తల్లోనూ, అంటే మూల రాగాలన్నిటిలోనూ, కృతులు రాశారు. ఆ పునాది మీద నిలబడి నాలుగు స్వరాల దగ్గరికి వచ్చారు. ముందు ఒక త్యాగరాజ కృతి, తరువాత ఏదైనా మేళకర్తలో ఆయన సొంత కృతి, ఆపైన మహతి. ఈ వరుసలో వింటేనే తెగువ అర్థమవుతుంది.

విజయనగరం కోట:
మా దగ్గర ఏటా ఒకటే చర్చ. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు పుట్టారు. తిథి ప్రకారం చేయాలా, తేదీ ప్రకారమా? నేను తేదీ వైపే. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ఒంటరిగా వేదిక ఎక్కించిన మనిషి జయంతి నాడు, ఆయన కమాను (వయొలిన్ వాయించే బద్ద) నాదం టపాసుల మోతలో కలిసిపోతే ఎలా? ఆ రోజు మేము సోలో తప్ప మరేమీ పెట్టం. గాత్ర కచేరీ పెడతామని వచ్చేవారికి మర్యాదగానే వద్దని చెబుతాం.

సరిగమల వీధి:
అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పిన వరుసనే ఖాయం చేశాను. బాలమురళి గారు వయొలిన్, మృదంగం, కంజీరాతో పాటు వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) కూడా వాయించేవారు కదా, ఆ నాలుగూ పిల్లలు తాకి చూసేలా వేదిక పక్కన ఒక బల్ల వేస్తున్నాం. మూడు దొరికాయి, వయోలా దొరకలేదు. విజయవాడ పరిసరాల్లో ఎవరి దగ్గరైనా ఉందా? ఒక్క సాయంత్రానికి చాలు, తీసుకెళ్లడం, తిరిగి అప్పగించడం నా బాధ్యత.

తంబురా తీగ:
మా అన్నయ్య దగ్గర ఉంది. కమానుకు రాసే రోజిన్ కూడా వెంట పంపిస్తాను. ఐదో తేదీ ఉదయం వచ్చి తీసుకెళ్లండి.