తుపాకి ఉన్న కుటుంబాలకే ఇళ్లిచ్చే కాలనీ: తప్పా, హక్కా?

జార్జియా గోదావరి

అట్లాంటా శివార్లలో స్థిరపడ్డ కొందరు మిత్రులం కలిసి కొంత భూమి కొని, తుపాకి ఉన్న కుటుంబాలకే ఇళ్లు ఇచ్చే ప్రైవేటు కాలనీ వేసుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాం. ప్రస్తుతానికి అంతా మాటల్లోనే ఉంది. మొన్న ఒక విందులో ఈ సంగతి ఎత్తగానే సగం మంది మొహం తిప్పుకున్నారు. ఇందులో తప్పేమిటో ఇక్కడ ఎవరైనా చెబుతారని అడుగుతున్నాను.

మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు తెలుసు. భారతీయ కుటుంబాలనే ఏరి, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి దోచుకున్న ముఠాలు ఈ దేశంలో చాలాచోట్ల పట్టుబడ్డాయి. పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో రాత్రిళ్లు పనిచేసే మన పిల్లల మీద కాల్పుల వార్తలు చదువుతూనే ఉన్నాం. పోలీసులు వచ్చేలోపు ఇంటిని కాచుకోవలసింది ఇంటివాళ్లే.

ఫ్లోరిడాలో డేటోనా బీచ్ దగ్గర స్ప్రూస్ క్రీక్ అని ఒక కాలనీ ఉంది. విమానాల మీద ఇష్టమున్నవాళ్లు రన్‌వే చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు, ఇంటి పక్కనే హ్యాంగరు. గోల్ఫ్ ఆడేవాళ్లకు కాలనీలున్నాయి, 55 ఏళ్లు దాటినవాళ్లకు కాలనీలున్నాయి. మాకు దగ్గరలోని కెన్నెసాలో ప్రతి ఇంటి పెద్ద తుపాకి, తూటాలు ఉంచుకోవాలని 1982 నుంచి నగర శాసనమే ఉంది. ఆ ఊరు చిక్కిపోలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. మరి మేము వేసుకుంటేనే అభ్యంతరమా?

మంజీర

గోదావరి గారూ, నేను టెక్సాస్‌లో అత్యవసర విభాగంలో నర్సును. మీరు దొంగ గురించి రాశారు. మా దగ్గరికి తుపాకి గాయాలతో వచ్చేవారిలో దొంగ చాలా అరుదు. 2021లో ఈ దేశంలో తుపాకి వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవారు. నిద్రమాత్రలు మింగినవాళ్లలో చాలామందిని బతికించుకుంటాం, తర్వాత వాళ్లు మళ్లీ ప్రయత్నించకుండా బతికినవాళ్లూ ఎక్కువే. తుపాకి విషయంలో ఆ అవకాశం దాదాపు ఉండదు.

మీ కాలనీలో నూరు ఇళ్లుంటే నూరు ఇళ్లలోనూ తుపాకి ఉంటుంది. ఉద్యోగం పోయిన తండ్రి, పరీక్ష తప్పిన పిల్లవాడు, కాన్పు తర్వాత కుంగిపోయిన తల్లి ఆ నూరు ఇళ్లలోనూ ఉంటారు. గోడ కట్టి దొంగను ఆపవచ్చు. వీళ్ల కష్టం గోడకు లోపలే పుడుతుంది కదా?

వకీలు, న్యూజెర్సీ

ముందు కెన్నెసా సంగతి. 1981లో ఇల్లినాయిలోని మోర్టన్ గ్రోవ్ అనే ఊరు పిస్టళ్లను నిషేధించింది. దానికి జవాబుగా మరుసటి ఏడాది మార్చిలో కెన్నెసా ఈ శాసనం చేసింది. అందులోనే మినహాయింపులు రాశారు: మత విశ్వాసం వల్లో సొంత నమ్మకం వల్లో వద్దనుకునేవారు, వైకల్యం ఉన్నవారు, కొనలేని పేదలు, పెద్ద నేరంలో శిక్ష పడ్డవారు. తుపాకి లేదని అక్కడ ఎవరి మీదా కేసు పెట్టలేదు. అది ఒక ప్రకటన. మీరు అనుకుంటున్నది అమలు చేసే నిబంధన. రెండూ ఒకటి కావు.

చట్టపరంగా చూస్తే మీ కాలనీకి పెద్ద అడ్డంకి లేదు. ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం, పిల్లలుండటం, వైకల్యం ఆధారంగా ఇల్లు నిరాకరించవద్దంటుంది. తుపాకి ఉండటం, లేకపోవడం ఆ జాబితాలో లేదు. కానీ ఒక చిక్కు మన వాళ్లకే ఎక్కువ. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు. అంటే మీ కాలనీలో ఇల్లు అడిగే తెలుగువాళ్లలో చాలామందికి మీ మొదటి షరతే జైలుకు దారి. ఆరు నెలలు ఉండి వెళదామని విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకూ అదే చట్టం.

శనివారం రేంజి

నాకు రెండు పిస్టళ్లు, ఒక రైఫిల్ ఉన్నాయి. వారం వారం రేంజికి, అంటే తుపాకి గురి అభ్యాసం చేసే చోటికి, వెళ్తాను. తుపాకి హక్కు ఉండాలనేవాడినే. అయినా ఈ కాలనీకి నేను వ్యతిరేకిని.

ఇలాంటి ప్రయత్నం కొత్తది కాదు. 2013 ప్రాంతంలో ఐడహో రాష్ట్రంలోని బెనివా కౌంటీలో ‘సిటాడెల్’ అనే కోట ఊరు కడతామని కొందరు ప్రకటించారు. చుట్టూ ప్రహరీ, బురుజులు, లోపల వేల కుటుంబాలు, ఖర్చుకు ఒక తుపాకుల కర్మాగారం. చేరేవాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పదమూడేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఏటా రైఫిల్, పిస్టల్ పరీక్షలో నెగ్గాలి. ఇంటికి ఒక ఏఆర్-15 తరహా రైఫిల్, ఐదు మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బాలు), వెయ్యి తూటాలు ఉండాలి. ఊరి నడిబొడ్డుకు వస్తే పెద్దవాళ్ల నడుముకు తూటాలు నింపిన పిస్టల్ ఉండాలి. ఉదారవాదులకు, సోషలిస్టులకు ఇక్కడ ఇమడదని ముందే చెప్పారు. ఇళ్ల యజమానుల సంఘం పెత్తనం మా దగ్గర ఉండదని కూడా ప్రకటించుకున్నారు. పదమూడేళ్ల పిల్లకు ఏటా పరీక్ష పెట్టే ఊళ్లో ఏ సంఘానికీ లేనంత పెత్తనం పుట్టిందని వాళ్లకు తోచలేదు. ఆ కోట లేవనే లేదు.

నెవాడాలో పరంప్ దగ్గర ఫ్రంట్ సైట్ అనే శిక్షణ కేంద్రం పేరు మీలో కొందరు వినే ఉంటారు. శిక్షణ బాగా నడిచింది. దాని చుట్టూ ఇళ్లు, బడి కట్టి తుపాకి ప్రియుల ఊరు చేస్తామన్నది మాత్రం కాగితాల మీదే ఉండిపోయింది. 2022లో సంస్థ దివాలా పిటిషన్ వేసింది, జీవితకాల సభ్యత్వానికి డబ్బు కట్టినవాళ్లు దిక్కుతోచక నిలబడ్డారు. డబ్బు పెట్టబోయే మీ మిత్రులు ఈ చరిత్ర ముందుగా చదవాలి.

ఇక నా అసలు మాట. రేంజిలో నేను క్షేమంగా ఉండటానికి కారణం పక్కవాడు నాలాగే ఆలోచించడం కాదు. అక్కడి అధికారి “ఆపండి” అని కేక వేస్తే అందరం మ్యాగజైన్ తీసి, తుపాకిలో తూటా ఉండే గది ఖాళీ అని చూపించి, తుపాకి బల్ల మీద పెట్టి, గీత వెనక్కి వస్తాం. గురి అట్టలు మార్చేవాళ్లు తిరిగి వచ్చేదాకా ఒక్కరు కూడా తుపాకి ముట్టుకోరు. ముట్టుకుంటే బయటికి పంపేస్తారు, వాడు ఎంత పెద్దమనిషైనా. ఆ అధికారి ఎవరి స్నేహితుడూ కాడు. మీ కాలనీలో ఆ కేక వేసేది ఎవరు? పక్కింటివాడు తాగి పెరట్లో తుపాకి తిప్పుతుంటే, పండగలకు కలిసి భోంచేసే మీరు సంఘానికి ఫిర్యాదు రాస్తారా?

ఇంకొకటి. ఇక్కడి ఇళ్లు కర్ర చట్రానికి జిప్సం పలకలు కొట్టి కట్టినవి. రైఫిల్ తూటా ఆ గోడను దాటుతుంది, పక్క గది గోడనూ దాటుతుంది. చేయి జారి పేలిన తూటా పక్కింటి మంచం దాకా పోగలదు. ఊళ్లో మన ఇటుక గోడలు మనసులో పెట్టుకుని ఆలోచించకండి.

మైసూరు నుంచి

నేను చాలాకాలంగా మైసూరులో ఉంటున్న తెలుగువాడిని. తుపాకి ఉన్న సముదాయం అనగానే ఇక్కడివాళ్లకు కొడగు (కూర్గ్) జిల్లా గుర్తుకొస్తుంది. ఆయుధ చట్టం కింద అందరూ లైసెన్సు తీసుకోవాలి, కానీ అక్కడి కొడవ సముదాయం వారికి, జమ్మ అనే వంశపారంపర్య భూమి హక్కు ఉన్నవారికి మినహాయింపు ఉంది. బ్రిటిషువాళ్ల కాలం నుంచి వస్తున్నది. దాన్ని సవాలు చేస్తే 2021లో కర్ణాటక హైకోర్టు మినహాయింపునే సమర్థించింది. సెప్టెంబరులో కైల్ పోళ్దు పండగకు తుపాకులను శుభ్రం చేసి, తోక్ పూవు అనే అడవి పూవు పెట్టి పూజిస్తారు. మగబిడ్డ పుడితే ఆకాశంలోకి ఒక గుండు, మనిషి పోతే రెండు.

తుపాకి ఉన్నవాళ్లు కలిసి బతకలేరని అనేవాళ్లు ఒకసారి కొడగులోని మడికేరి వచ్చి చూడాలి.

శనివారం రేంజి

మైసూరు వారూ, కొడగును మీరు తెచ్చినందుకు సంతోషం. కానీ అక్కడ తుపాకి ఉన్నందుకు కలిసినవాళ్లు లేరు. కులపెద్దలు, ఉమ్మడి ఇల్లు, ఒకే మట్టి, పెళ్లి సంబంధాలు ముందు ఉన్నాయి, తుపాకి వాటి మధ్య ఒక వస్తువు. అట్లాంటాలో ప్రకటన చూసి చేరే నలభై కుటుంబాల మధ్య ఉమ్మడిగా ఉండేది తుపాకి ఒక్కటే. దాన్ని తప్పుబట్టడం అంటే కాలనీనే తప్పుబట్టడం అవుతుంది.

జార్జియా గోదావరి

రేంజి గారూ, మంజీర గారూ, మీరు చెప్పిన ప్రమాదాలు ఉన్నాయి. కానీ అవి ఇప్పుడు మేము ఉంటున్న మామూలు కాలనీలో లేవా? నా వీధిలో ఎన్ని ఇళ్లలో తుపాకి ఉందో నాకు తెలియదు. ఎవరికి తుపాకి దాచే ఇనుప పెట్టె ఉందో, ఎవరు దిండు కింద పెట్టుకుంటున్నారో తెలియదు. నా కూతురు స్నేహితురాలి ఇంటికి ఆడుకోవడానికి వెళ్తే అడగడానికి మొహమాటం. మా కాలనీలో ఆ మొహమాటం ఉండదు. ప్రతి ఇంట్లో ఇనుప పెట్టె తప్పనిసరి అని రాస్తాం, ఏటా చూస్తాం.

మంజీర గారు అన్న కుంగుబాటు గురించి ఇంకా గట్టిగా చెబుతాను. మనసు బాగాలేని మనిషి తన తుపాకి ఎవరికి అప్పగిస్తాడు? పోలీసుకు ఇవ్వడు, తిరిగి రాదనే భయం. డాక్టరుకు చెప్పడు, రికార్డులోకి ఎక్కుతుందనే భయం. తనలాగే తుపాకి ఉన్న స్నేహితుడు “కొన్నాళ్లు నా దగ్గర ఉంచు అన్నయ్యా, నువ్వు కుదుటపడ్డాక తీసుకో” అంటే ఇస్తాడు. న్యూ హాంప్‌షైర్‌లో తుపాకి దుకాణదారులు, ప్రజారోగ్య నిపుణులు కలిసి ఇలాంటి పనే మొదలుపెట్టారు. కొనడానికి వచ్చినవాడి తీరు చూసి అమ్మకం ఆపడం, కుటుంబాలకు చెప్పడం. తుపాకి తెలిసినవాడి మాటే తుపాకి ఉన్నవాడు వింటాడు. జార్జియాలో కోర్టు ద్వారా ముందుగా తుపాకి తీసుకునే చట్టం లేదు. ఇక్కడ ఆ పని స్నేహితులే చేయాలి.

మంజీర

మీరు ఇప్పుడు చెప్పినది నిజమైన మాట, అది నేను ఆసుపత్రిలో కూడా చూశాను. అన్నదమ్ములు, మిత్రులు తుపాకి తీసి దాచినందుకు బతికినవాళ్లున్నారు. కానీ మీ నిబంధన ప్రకారం తుపాకి లేని కుటుంబానికి కాలనీలో ఇల్లు లేదు. తుపాకి అప్పగించిన మనిషి మరుసటి నెల ఏమవుతాడు? ఇల్లు ఖాళీ చేయమంటారా? ఆ భయం ఒక్కటి చాలు, ఎవరూ నోరు విప్పరు. భార్య గమనించినా చెప్పదు, ఇల్లు పోతుందని.

వకీలు, న్యూజెర్సీ

మంజీర గారు పట్టుకున్నదే అసలు కీలు. దానికి తోడు, మానసిక వైకల్యం కారణంగా తుపాకి వదిలినవారిని ఖాళీ చేయిస్తే ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద దావా దాదాపు ఖాయం. అలాగే కాలనీవాళ్లు జట్టుగా కవాతు, గస్తీ మొదలుపెట్టకండి. ప్రైవేటు సైనిక దళాలను రాష్ట్రాలు నిషేధించవచ్చని 1886లోనే ప్రెస్సర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

జార్జియా గోదావరి

ఆ షరతు ఇలా మార్చుతాను. చేరేటప్పుడు తుపాకి శిక్షణ పూర్తి చేసి ఉండాలి. తుపాకి ఉంచుకోవడం, ఉంచుకోకపోవడం ఇంటివాళ్ల ఇష్టం. అప్పగించినవాడి ఇంటి జోలికి ఎవరూ రాకూడదని దస్తావేజులోనే రాయిస్తాను. వీసా మీద ఉన్నవాళ్లకూ దారి దొరుకుతుంది. రేంజి, ఇనుప పెట్టెల గది ఉమ్మడివి. అయినా కలిసి ఉండాలనే కోరికను మాత్రం వదులుకోను.

శనివారం రేంజి

అలా అయితే అది రేంజి ఉన్న మామూలు కాలనీ, నాకు అభ్యంతరం లేదు. ఉమ్మడి గది తాళం మాత్రం కాలనీవాళ్ల చేతిలో పెట్టకండి. జీతానికి బయటి మనిషిని పెట్టండి.

జార్జియా గోదావరి

దానికి మా వాళ్లు ఒప్పుకోరు. మన తుపాకుల తాళం బయటివాడికి ఇవ్వడమా అంటారు. నేను కూడా అదే అంటాను.

వకీలు, న్యూజెర్సీ

భూమికి బయానా ఇచ్చే ముందు బీమా సంస్థలను అడగండి. ఉమ్మడి రేంజి, ఉమ్మడి ఆయుధాల గది ఉన్న కాలనీకి బాధ్యత బీమా ఎవరిస్తారు, ఏ షరతుల మీద ఇస్తారు అని రాతపూర్వకంగా తీసుకోండి. తాళం ఎవరి చేతిలో ఉండాలన్నది వాళ్ల షరతుల్లో తప్పకుండా ఉంటుంది.