"ఆచంద్రార్కం" ఇక్కడ అతుకుతుందా?

ప్రశ్న: కెనడాలోని సస్కటూన్ నుంచి ఈ తెలుగు భాష గుంపుకు రాస్తున్నాను. మా అమ్మాయికి బడిలో 1876 నాటి ఆరో నంబరు ట్రీటీ (బ్రిటిష్ రాణి పక్షానికీ అక్కడి మూలవాసులకీ మధ్య ఒప్పందం) పాఠం నడుస్తోంది. కార్ల్‌టన్ కోట దగ్గర రాణి తరఫున వచ్చిన అలెగ్జాండర్ మోరిస్, ఆ సూర్యుడు వెలిగినంత కాలం, ఆ నది పారినంత కాలం ఈ మాట నిలుస్తుందని క్రీ అనే మూలవాసి జాతి పెద్దలకు చెప్పాడట. దీన్ని ఊళ్లో ఉన్న అమ్మమ్మకు తెలుగులో ఎలా చెప్పాలని అడిగితే "ఆచంద్రార్కం" అన్నాను. సరేనా? ఇంతకీ నిన్నగాక మొన్న వచ్చినవాళ్ల పిల్లలకి ఈ పాఠం దేనికని మావారి సణుగుడు.

జవాబు: కాలం సంగతి వరకూ సరే. మన దానశాసనాల్లో "ఆచంద్రార్కస్థాయిగా" అని రాయించి, చివర "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకం కూడా చెక్కించేవారు. తానిచ్చిందైనా, మరొకరిచ్చిందైనా, ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని. కెనడా ట్రీటీల్లో ఈ శ్లోకం లేకపోవడం లోటేనండీ!

చిక్కల్లా ఎవరు ఎవరికి ఇచ్చారన్న దగ్గర. శాసనంలో ఇచ్చేది రాజు, పుచ్చుకునేది గుడో, బ్రాహ్మణుడో. కాబట్టి ఆ మాట వినగానే రాణిగారు దయతలచి భూమి ఇచ్చారని అమ్మమ్మ అనుకుంటారు. జరిగింది తలకిందులు. నేల క్రీలది, వారి పొరుగు జాతులది. వాళ్లకు తిండిపెట్టే బైసన్ (అడవిదున్న) మందలు తరిగిపోతున్న రోజుల్లో ఆ నేల మీదికి కొత్తవాళ్లను రానిచ్చినందుకు రాణి పక్షం ఒప్పుకున్నవి: వాళ్లకని విడిగా ఉంచే రిజర్వు భూములు, నాగళ్లు, విత్తనాలు, బడి, ప్రభుత్వ ఏజెంటు ఇంట్లో ఒక మందుల పెట్టె, మనిషికి ఏటా 5 డాలర్లు. ఆ 5 డాలర్లు నేటికీ 5 డాలర్లే. మందుల పెట్టెను మాత్రం మొత్తం వైద్యానికి ఇచ్చిన మాటగానే క్రీలు చూస్తారు.

పాఠాంతరం కూడా ఉంది. ఇంగ్లీషు కాగితంలో భూమిని వదులుకుని అప్పగించినట్టు రాసుంది. క్రీ పెద్దలు తరతరాలుగా చెబుతున్నది వేరు: నాగలి దిగినంత లోతు మట్టిని పంచుకోవడానికే ఒప్పుకున్నామని. పిల్లలకు రెండూ చెప్పాలి. కాగితం ఒక్కటే చెబితే సగం పాఠమే.

ఇక మీవారి మాట. ట్రీటీకి రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం పిల్లలే నేర్చుకుంటే రెండో పక్షం దాన్ని హాయిగా మరిచిపోతుంది, నూరేళ్లకు పైగా జరిగింది అదే. మీ ఇంటి హక్కుపత్రం ఆనవాలు పట్టుకుని వెనక్కి పోతే చివరికి ఆ 1876 కాగితం దగ్గరే తేలుతుంది. అంటే మీరు రెండో పక్షంలో ఉన్నట్టే. సస్కాచెవాన్‌లో 2007లో ఈ పాఠాన్ని తప్పనిసరి చేశారు. "మనమంతా ట్రీటీ మనుషులమే" అని అక్కడి బడుల్లో అంటారు. 2015లో, మూలవాసుల పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ ఇచ్చిన 94 పిలుపుల్లో 62వది దేశమంతటా ఇదే అడిగింది. బడి ఇస్తామన్న ప్రభుత్వం నడిపించిన ఆ స్కూళ్లలోకి లక్షా యాభై వేల మంది మూలవాసుల పిల్లలు పోయారు. అక్కడ అమ్మభాష మాట్లాడితే దెబ్బలు. భాష గురించి పెట్టుకున్న గుంపులో ఈ మాట అనకుండా ఎలా ఉంటాం?

అమ్మమ్మకు "పొద్దు పొడిచినన్నాళ్లూ, ఏరు పారినన్నాళ్లూ" అనండి. మాట ఇచ్చిందెవరో, నేల ఎవరిదో ముందు చెప్పి ఆ తర్వాత అనండి.

వాంకూవర్ నుంచి మరొకరు: "మనమంతా ట్రీటీ మనుషులమే" అన్నది మా దగ్గర చెల్లదు. బ్రిటిష్ కొలంబియాలో చాలా భాగానికి ట్రీటీయే లేదు. మా ఊరు మస్క్వియమ్, స్క్వామిష్, స్లేవాటూత్ జాతులవారు ఎవరికీ రాసివ్వని నేల మీద ఉంది. అందుకని మా పిల్లల పాఠం అసలు రాసుకోని ట్రీటీ గురించి. 2023–24 నుంచి ఇక్కడ హైస్కూలు పట్టా కావాలంటే మూలవాసుల మీద ఒక కోర్సు చదవాల్సిందే. మావాడు ముందు విసుక్కున్నాడు, ఇప్పుడు మమ్మల్నే ప్రశ్నలడిగి చంపుతున్నాడు. "రాసివ్వని నేల"కు ఇంతకన్నా మంచి తెలుగు మాటుంటే చెప్పండి.