జ్ఞాపకంలో లేని డైలాగులు రాస్తే దాన్ని ఆత్మకథ అనొచ్చా?

పాతడైరీ:
చిన్నప్పటి సంగతులు పుస్తకంగా రాద్దామని మొదలెట్టా, నలభై పేజీలయ్యాయి. అందులో ఒక సీన్, నాన్న ఉద్యోగం పోయిన రోజు ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని చేతి వాచీ తీసి కీ ఇస్తా ఉన్నాడు, బిగిసిపోయి ఇంక తిరగనంటున్నా తిప్పుతానే ఉన్నాడు. మొత్తంలో నాకు నచ్చింది ఆ ఒక్క పేజీనే. అక్కకి చదివి వినిపిస్తే "నువ్వు ఆరోజు ఇంట్లోనే లేవు కదే, నేను చెప్తే విన్నావ్" అనేసింది. నాకేమో ఆ కీ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది! ఇంకోటి, ఇద్దరు టీచర్లని కలిపి ఒకే మనిషిని చేశా. డైలాగులంటారా, ముప్పై ఏళ్ల కిందటివి, టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చోలేదుగా. ఇక నోరు మూసుకుని నవల అని వేసుకోవడమేనా?

చేతిరాత:
మీ అక్కగారు చెప్పిందే నిజం అయ్యుండొచ్చు, అంతమాత్రాన మీరు అబద్ధం రాసినట్టు కాదు. 1986లో చాలెంజర్ స్పేస్ షటిల్ పేలిపోయిన మర్నాడు నైసర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఆ వార్త ఎక్కడ విన్నారో, ఎవరు చెప్పారో స్టూడెంట్స్ చేత రాయించి దాచిపెట్టాడు, రెండుమూడేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ బల్లగుద్ది మరీ. వాళ్ల చేతిరాతతో ఉన్న పాత కాగితం చూపించినా ఆ మొదటి జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదట. అన్నట్టు అక్కగారిదీ జ్ఞాపకమే, సర్టిఫైడ్ కాపీ ఏం కాదు.

ఎర్రసిరా:
తప్పుగా గుర్తుండటం వేరండి, తెలిసి కల్పించడం వేరు. జేమ్స్ ఫ్రే అనే అమెరికన్ రచయిత 2003లో ఆత్మకథ అని వేసిన పుస్తకం ఓప్రా టీవీ షోతో లక్షల్లో అమ్ముడుపోయింది, 2006లో కూపీ లాగితే నెలల తరబడి జైల్లో ఉన్నానన్న మనిషి లోపలున్నది కొన్ని గంటలేనని తేలింది, పబ్లిషర్ కొన్నవాళ్లకి డబ్బులు వాపసిస్తామనాల్సొచ్చింది. అదే నవల అని వేసుంటే ఎవడూ కిక్కురుమనేవాడు కాదు. డైలాగులు ఎవరికీ అక్షరం అక్షరం గుర్తుండవని చదివేవాళ్లకీ తెలుసు, దానికి భయపడక్కర్లేదు. టీచర్ల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. పేరు మార్చండి, ముందుమాటలో ఆ సంగతి చెప్పండి, అంతేగానీ ఒకాయన కొట్టిన దెబ్బ ఇంకొకాయన చేతికి అంటిస్తే ఎట్లా? వాళ్లలో ఒకరు చదివితే?

మార్జిన్‌నోట్:
ఎర్రసిరా గారు, ముందుమాటలో చెప్పేస్తే కలిపినా తప్పులేదని నా లెక్క. కానీ అక్క మాట ముందుమాటలో కాదు, ఆ పేజీ పక్కనే పెట్టాలి. మేరీ మెకార్తీ అనే అమెరికన్ రచయిత్రి 1957లో తన చిన్నతనం గురించి వేసిన పుస్తకంలో చాప్టర్ అయ్యాక ఇదిగో ఇది నేను కల్పించింది, ఇది మా తమ్ముడికి వేరేలా గుర్తుంది అని తనే రాసేసుకుంది, నాకైతే అసలు చాప్టర్ల కంటే అవే ఎక్కువ నచ్చాయి. మీరు లేని రోజు చప్పుడు మీ చెవిలోకి ఎలా వచ్చిందో, అది రాయండి ముందు.

పాతడైరీ:
టీచర్లని విడగొట్టా, ఒకాయన మరీ చప్పగా తయారయ్యాడు, ఏం చేస్తాం. మార్జిన్‌నోట్ గారు చెప్పినట్టు రాద్దామని అక్కకి మళ్లీ ఫోన్ చేస్తే ఇప్పుడు కొత్త పేచీ, అది కీ ఇచ్చే వాచీయే కాదంట, బ్యాటరీదంట. వాచీ అమ్మ దగ్గర సొరుగులోనే ఉంది. తీసి చూడమని ఇంకా అడగలేదు.