వేళ్లు తెల్లబడుతున్నాయి, జబ్బుకు మాత్రం పేరు తేల్చలేదు

ప్రశ్న (మధురవాడ):
మా అమ్మాయికి 27 ఏళ్లు. రుషికొండలోని ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటే వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లబడి, కాసేపటికి నీలంగా మారి, చేతులు రుద్దుకున్నాక ఎర్రబడి సలుపుతున్నాయి. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి జడ కూడా వేసుకోలేకపోతోంది. ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష (సొంత కణాల మీద పనిచేసే యాంటీబాడీలను చూసేది) పాజిటివ్ వచ్చినా, డాక్టరుగారు లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) అని చెప్పకుండా ‘అన్‌డిఫరెన్షియేటెడ్’ అని రాశారు. అంటే జబ్బేదో తెలియలేదనా?

జవాబు 1:
అలా కాదండీ. రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడి చేస్తున్న ఆనవాళ్లు ఉన్నా, అవి ఏ ఒక్క జబ్బు ప్రమాణాలకూ పూర్తిగా సరిపోనప్పుడు ఈ పేరు వాడతారు. మీరు వర్ణించిన రంగుల మార్పును రేనాడ్స్ అంటారు. కళ్లలో ఇసుక పడ్డట్టుండడం, నీళ్లు తాగనిదే మెతుకు దిగకపోవడం, ఎండకు దద్దుర్లు, నోటిపూత, విశ్రాంతికీ తగ్గని నీరసం ఉన్నాయేమో అడగండి. ఏఎన్‌ఏ ఒక్కటే చూసి బెంబేలెత్తకండి. ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి అది పాజిటివ్ వస్తుంది.

జవాబు 2:
నాకు 6 ఏళ్ల క్రితం ఇదే మాట రాశారు, ఇప్పటికీ మారలేదు. సుమారు మూడోవంతు మందిలో, ఎక్కువగా మొదటి 5 ఏళ్లలో, ఇది లూపస్ వంటి స్పష్టమైన జబ్బుగా మారుతుంది కాబట్టి, కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో తెలిపే మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మానవద్దు. నేను దీనికిచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడుతూ, అది కంటి రెటీనాకు హాని చేయవచ్చు కనుక ఏటా రెటీనా పరీక్ష చేయించుకుంటున్నాను. విశాఖ ఉక్కపోతలో గ్లవ్స్ ఏమిటని ఆఫీసులో నవ్వారు, నేను తీయలేదు.

జవాబు 3:
వేళ్లు తెల్లబడినప్పుడే ఫొటో తీసి ఉంచండి, క్లినిక్‌కు చేరేసరికి అవి మామూలుగా అయిపోతాయి. ఆయాసం, కాళ్లవాపు, వేలి కొసన మానని పుండు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.